సంతకానికి ముందు చెప్పాల్సినవి

క్లినికల్ ట్రయల్‌లో చేరే రోగికి అన్నిటికన్నా ముందు తెలియాల్సింది, అది మామూలు వైద్యం కాదు, పరిశోధన అని. ఆ మందు పనిచేస్తుందో లేదో తేల్చడానికే ట్రయల్. తనకు అందేది కొత్త మందో, పాతదో, అసలు మందే లేని మాత్రో చాలా ట్రయల్స్‌లో రోగికే కాదు, డాక్టరుకూ తెలియదు.

ఈ సంగతి చెప్పకుండా సమ్మతి కాగితం పూర్తిచేస్తే ఏమవుతుందో తెలుగు నేల చూసింది. 2009లో ఖమ్మం జిల్లా భద్రాచలం, కొత్తగూడెం, తిరుమలాయపాలెం మండలాల్లో 10 నుంచి 14 ఏళ్ల ఆడపిల్లలకు ఒక అధ్యయనంలో భాగంగా హెచ్‌పీవీ టీకా వేశారు. కొందరు పిల్లలు చనిపోవడంతో 2010 ఏప్రిల్‌లో దాన్ని ఆపేశారు. ఆ మరణాలకు టీకాయే కారణమని విచారణలో తేలలేదు. తేలింది మరొకటి. 9,543 సమ్మతి పత్రాల్లో 2,763 మీద హాస్టల్ వార్డెన్లు సంతకాలు చేశారని, 1,948 మీద వేలిముద్రలే ఉన్నాయని 2013లో పార్లమెంటరీ స్థాయీ సంఘం రాసింది. చాలామంది తల్లిదండ్రులను అడిగినవారే లేరు. క్యాన్సర్‌ను నివారించే మంచి టీకా మీద అనుమానం పడటానికి అదే చాలింది.

2019 నాటి క్లినికల్ ట్రయల్ నిబంధనల ప్రకారం రోగికి అర్థమయ్యే భాషలోనే వివరించాలి. చదువు రానివారికి చెప్పేటప్పుడు, ట్రయల్‌తో సంబంధం లేని సాక్షి మొదటి నుంచి చివరి దాకా పక్కనే ఉండాలి. ఎప్పుడైనా మానుకోవచ్చని, మానుకున్నా మామూలు వైద్యం ఆగదని, ట్రయల్ వల్ల హాని జరిగితే ఉచిత వైద్యం, పరిహారం అందుతాయని తెలియజేయాలి.

నిబంధన చేరని చోటు ఒకటుంది. విజయవాడ గవర్నర్‌పేట ఆసుపత్రులకు అవనిగడ్డ నుంచో, కైకలూరు నుంచో వచ్చే మనిషి "మీరెలా చెబితే అలాగే డాక్టరు గారూ" అంటాడు. అది నమ్మకమే, కానీ సమ్మతి కాదు. పట్టా అందుకుని బయటికొచ్చే వైద్యుల్లో ట్రయల్స్ నడపబోయేవారికి అసలు బాధ్యత ఇక్కడే. ఎన్నిసార్లు రావాలో, ఎంత రక్తం తీస్తారో, బస్సు ఛార్జీలు ఎవరిస్తారో, నాట్ల రోజుల్లో కూలి పోతే ఎలాగో విడమరచి చెప్పాలి. ఇంటికెళ్లి అయినవాళ్లతో మాట్లాడుకోవడానికి వ్యవధి ఇవ్వాలి. తిరిగి వచ్చాక అడగాల్సిన ప్రశ్న "అర్థమైందా?" కాదు, దానికి ఎవరైనా తలూపుతారు. "ఇంట్లో ఏమని చెప్పారు?" అని అడగాలి. "కొత్త మందొచ్చిందంట, ఉచితంగా ఇస్తున్నారంట" అని ఆ మనిషి అంటే, కాగితం పక్కన పెట్టి మళ్లీ మొదటి నుంచి చెప్పాలి.