తాళం చెవి ఎవరి చేతిలో?

(కోటబొమ్మాళిలో పొదుపు సంఘాల నాయకురాళ్ల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



పొద్దున్న నేను ఆటో దిగగానే మీలో ఒకావిడ అడిగారు: "ఏటి మేడమ్, ఆ బిట్‌కాయినంటే ఏటి? మావోడు సంఘం డబ్బు అందులో పెడితే రెట్టింపవుతాదంతన్నాడు." నేను రాసుకొచ్చిన ప్రసంగం పక్కన పెట్టి, ఆ ప్రశ్న గురించే మాట్లాడతాను.

2009లో మొదలైన ఈ డబ్బును ఏ ప్రభుత్వమూ ముద్రించదు. దాని లెక్క ప్రపంచమంతటా వేలాది కంప్యూటర్లలో ఉంటుంది. బ్యాంకు అక్కర లేదు, మొగుడి సంతకం అక్కర లేదు, కాబట్టి ఇది స్త్రీలకు విముక్తి అని దీన్ని ప్రచారం చేసేవారి వాదన. ఆ వాదనను నేను ఎగతాళి చెయ్యను. 2016 నవంబర్‌లో పెద్ద నోట్లు రద్దయినప్పుడు పోపుల డబ్బాలో, బియ్యం కుండలో దాచుకున్న డబ్బు బయటపెట్టి ఎంతమంది ఆడవాళ్లు ఇంట్లో దోషుల్లా నిలబడ్డారో మనకు తెలుసు. మగవాళ్లకు కనపడని డబ్బు మనకు అవసరమే.

అఫ్ఘానిస్థాన్‌లోని హెరాత్‌లో రోయా మహబూబ్ అనే ఆవిడ 2013 ప్రాంతంలో, తన దగ్గర పనిచేసే ఆడపిల్లలకు బిట్‌కాయిన్లలో జీతమిచ్చారు. వాళ్లలో చాలామందికి ఖాతాలు లేవు. నగదు ఇస్తే తండ్రులో అన్నలో తీసుకునేవారు. అయితే ఆ నాణేలతో ఊళ్లో ఏం కొనాలి? 2014లో వాటి ధర బాగా పడిపోయింది. 2022లో తాలిబాన్లు హెరాత్‌లో వాటిని మార్చే దుకాణాలనే మూయించారు.

మన సంగతికి వద్దాం. 2019-21 కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో తాము స్వయంగా వాడుకునే బ్యాంకు ఖాతా ఉన్న స్త్రీలు సుమారు 82 శాతం. తాము వాడుకునే ఫోను ఉన్నవాళ్లు 49 శాతం. ఎప్పుడైనా ఇంటర్నెట్ వాడినవాళ్లు 21 శాతం, మగవాళ్లలో అది 49. ఈ కొత్త డబ్బు ఫోనులో ఉంటుంది. అంటే మనం ఖాతా దాకా వచ్చాక, గుమ్మాన్ని మళ్లీ మగవాడి జేబులోకి మార్చారన్నమాట! పైగా మన దేశంలో చట్టబద్ధంగా దీన్ని కొనాలంటే పాన్ కార్డు, బ్యాంకు ఖాతా కావాలి. బ్యాంకు లేనివాళ్ల కోసం వచ్చానన్నది బ్యాంకు ఖాతా లేకపోతే లోపలికే రానివ్వదు.

ఇంకో సంగతి. దీని తాళం చెవి 12 లేదా 24 మాటల వరస. కాగితం పోతే డబ్బు పోయినట్టే, ఆ కాగితం మరొకరు చూసినా పోయినట్టే. ఫిర్యాదు తీసుకునే మేనేజరు ఉండడు. తాళం కంపెనీకే అప్పగిద్దామంటే, 2024 జూలైలో వజీర్‌ఎక్స్ నుంచి సుమారు 2,000 కోట్ల రూపాయల విలువైనవి దొంగలు కొట్టేశారు. లాభం వస్తే 2022 నుంచి 30 శాతం పన్ను. ఒక నాణెంలో వచ్చిన నష్టాన్ని ఇంకోదాని లాభంలో తగ్గించుకోనివ్వరు.

సంఘాలేమీ స్వర్గం కాదు. 2010లో సూక్ష్మరుణ సంస్థల వసూళ్లకు అదే సంఘం ఉరితాడైంది. వాయిదా కట్టలేని మనిషి గుమ్మం ముందు తోటి ఆడవాళ్లనే కూర్చోబెట్టారు. ఆ ఏడాది అక్టోబర్‌లో ఆర్డినెన్సు తేవలసి వచ్చింది. అయినా అక్కడ నిలదీయడానికి ఒక మనిషి, ఒక ఆఫీసు, చివరకు ఒక ప్రభుత్వం ఉన్నాయి. అగ్రిగోల్డ్‌లో సుమారు 32 లక్షల మంది డబ్బు కట్టారు. ఏజెంట్లు ముందుగా కట్టించింది సొంత చుట్టాల చేత, ఇరుగుపొరుగు చేత. కంపెనీ మునిగాక ఆ ఏజెంట్లు ఊళ్లో తలెత్తుకోలేకపోయారు. రేపు "మరో పదిమందిని చేర్పించు" అనే యాప్ వస్తే, ఊళ్లో అందరూ నమ్మే సంఘం లీడరు దగ్గరకే ముందు వస్తారు.

కాబట్టి ఆవిడకు నా జవాబు: సంఘం డబ్బు అందులో వద్దు. మీ అబ్బాయి సొంత డబ్బు పెట్టుకుంటే అది అతని ఇష్టం. కానీ మీ ఆధార్, మీ పాస్‌బుక్, మీ ఫోనుకొచ్చే ఓటీపీ అతనికివ్వకండి. మీ ఖాతాలో ఎవరి డబ్బు తిరిగినా పోలీసులు వచ్చేది మీ ఇంటికే.

ఇది నేను ముందే ఆవిడకు చెప్పాను. ఆవిడ నవ్వి, "ఫోనే ఆడి దగ్గరుంటాది కదా మేడమ్" అన్నారు. భోజనాలయ్యాక అక్కడి నుంచే మొదలుపెడదాం. ఫోను ఎవరి దగ్గరుందో ముందు చేతులెత్తండి.