అర్ధరాజ్యంలో పేదరాశి పెద్దమ్మ వాటా ఎంత?

(మేడ్చల్, శామీర్‌పేట వాడల యువతీయువకుల ముందు చేసిన ప్రసంగ పాఠం)



పేదరాశి పెద్దమ్మ కథ విననోళ్ళు ఈడ ఎవరన్నా ఉన్నరా? రాజకుమారుడు ఆమె ఇంట్ల దిగుతడు. ఆమె వండి పెడ్తది, ఊరి గుట్టు చెప్తది, దారి చూపిస్తది. చివరికి వానికి రాకుమారి, అర్ధరాజ్యం. మరి పెద్దమ్మకు? చిన్నప్పుడు మనం అడగలేదు, నిద్రపోయినం. పెద్దయినంక అడగాలె. ఆ అర్ధరాజ్యంలో దున్నేటోళ్ళను, చెప్పులు కుట్టేటోళ్ళను, రాజ్యం చేతులు మారేటప్పుడు ఎవరన్నా అడిగిన్రా? రింగురోడ్డు పక్కన ప్లాట్ల రాళ్ళు పాతంగ చూసిన మీకు ఈ ప్రశ్న కొత్త కాదు.

పాత కథను పెద్దల కోసం తిరిగి చెప్పడమంటే ఈ ప్రశ్న వేయడమే. ఫ్రాన్సులో 1697లో పెర్రో అచ్చువేసిన కథ ఒకటుంది. భార్యలను చంపే ధనికుని చేతిలో పడ్డ పెళ్ళికూతురిని అన్నదమ్ములు కాపాడుతరు. 1979లో ఇంగ్లండు రచయిత్రి ఏంజెలా కార్టర్ ఆ కథనే తిరిగి రాసి, కాపాడే పని తల్లికిచ్చింది. ఒక్క పాత్ర మారితే కథలో న్యాయమే మారింది.

మన దగ్గర ఈ పని అంతకు ముందే మొదలైంది. శంబూకుని తల తెగితే బ్రాహ్మణుని కొడుకు బతికిండని ఉత్తరకాండ చెప్పింది. శంబూకుని ఇంట్ల ఎవరు ఏడ్చిన్రో చెప్పలేదు. ఆ హత్యనే 1920లో త్రిపురనేని రామస్వామి చౌదరి ‘శంబుక వధ’ నాటకంగా నిలబెట్టిండు. కాళిదాసు యక్షుడు మేఘంతో భార్యకు కబురు పంపితే, 1941లో జాషువా నాయకుడు గబ్బిలంతో శివునికి మొర పంపిండు. గబ్బిలమే ఎందుకు? గుళ్ళెకు అంటరాని మనిషి పోలేడు, గబ్బిలం పోతది! 2010లో ఓల్గా ‘విముక్త’లో సీత, శూర్పణఖ ఎదురెదురుగా కూర్చుని మాట్లాడుకున్నరు.

ఇవన్నీ పుస్తకాలు. మనోళ్ళు పుస్తకం లేకుండనే ఈ పని చేసిన్రు. చిందోళ్ళ జాంబపురాణంలో జాంబవుడు భూమి కంటే ముందు పుట్టినోడు. అందరికన్న కింద పెట్టబడ్డోళ్ళు ‘మేమే ముందు’ అని చెప్పుకున్న కథ అది. చిందు ఎల్లమ్మ 2005లో కన్నుమూసింది. రాసుకోకపోతే కథలు గూడ అట్లనే పోతయి.

కథలు కడుపు నింపుతయా అని కొందరు అంటరు. ఏకలవ్యుని బొటనవేలును గురుభక్తి అని బడిలో నేర్పితే, మన పిల్ల ఏం నేర్చుకుంటది? అడిగినోనికి వేలు కోసియ్యాలని!

ఒక్క మాట జాగ్రత్త. రాజకుమారుని తీసి మన పిల్లగాన్ని గుర్రం మీద ఎక్కిస్తే సరిపోదు. అప్పుడు గూడ పెద్దమ్మ పొయ్యి కాడనే ఉంటే, మనం మార్చింది సవారిని మాత్రమే.

మీ వాడలో అవ్వల దగ్గర కూర్చోండ్రి. ఒక్కొక్కరు ఒక్క కథ రాసుకొని రాండ్రి. పెద్దమ్మ వాటా మనమే తేల్చాలె.