ఇంగ్లీషు ప్రసంగం - ఇంటి భాష

(సొసైటీ వార్షిక సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



ఇంగ్లీషులో ధారాళంగా మాట్లాడాలంటే ఏం చేయాలని మన పిల్లలు అడుగుతుంటారు. తల్లిదండ్రులు ఇంకో ప్రశ్న వేస్తారు: "ఇంట్లో ఉర్దూ మాన్పించి ఇంగ్లీషే మాట్లాడిస్తే త్వరగా వస్తుంది కదా?" రెండింటికీ కలిపి ఒకే జవాబు చెప్పదలచుకున్నాను. ఇంటి భాష మాన్పిస్తే నాలుగు ఇంగ్లీషు మాటలు ముందుగా వస్తే రావచ్చు. కాని ఆ మాటల్లో చెప్పుకోవడానికి సొంత విషయం ఉండాలి గదా! అది ఇంటి భాషలో పెరుగుతుంది.

మన ఇళ్ళ సంగతి చూడండి. ఇంట్లో "హౌ", "నక్కో" అంటూ దక్కనీ ఉర్దూ. గడప దాటితే తెలుగు. కొన్ని ఇళ్ళలో తెలుగే ఇంటి భాష. ఖుర్‌ఆన్ చదవడానికి అరబీ అక్షరాలు. బడిలో ఇంగ్లీషు. ఇన్ని భాషల మధ్య తిరిగే పిల్లవాడు తెలివితక్కువవాడు కాడు. అయినా మైకు ముందు నిలబడగానే వాడి గొంతు పట్టేస్తుంది. ఎందుకని?

మొదటి కారణం మాటల వరస. తెలుగులోనూ ఉర్దూలోనూ క్రియ సాధారణంగా వాక్యం చివర వస్తుంది. "మా నాన్న నిన్న గుంటూరు వెళ్ళారు" అంటాము. "మేరే అబ్బా కల్ గుంటూర్ గయే" అంటాము. ఇంగ్లీషులో అయితే "మై ఫాదర్" అన్న వెంటనే "వెంట్" రావాలి. ఒక్కొక్క మాటనే తర్జుమా చేసుకుంటూ పోయేవాడికి చివరనున్న మాట ముందే కావలసి వస్తుంది. దాన్ని వెతుక్కునేలోగా "మై ఫాదర్... మై ఫాదర్..." అని ఆగిపోతాడు. చూసేవాళ్ళు పిరికితనం అనుకుంటారు. అది వరస మార్చుకోవడంలో వచ్చే తడబాటు. వాక్యం ఎంత పొడుగైతే చిక్కు అంత ఎక్కువ.

రెండవ కారణం బట్టీ. ఎవరో రాసిచ్చిన రెండు పేజీలు కంఠస్థం చేసి వస్తారు. మధ్యలో ఒక్క మాట జారితే, దారం తెగిన పూసల్లా మిగతావన్నీ పోతాయి. గుర్తున్నది మాటల వరసే గాని విషయం కాదు. వరకట్నం మీద అలా ఆగిపోయిన అమ్మాయిని పక్కకు పిలిచి అదే సంగతి ఇంటి భాషలో చెప్పమనండి. తన వీధిలో చూసింది, ఇంట్లో విన్నది, తను కోరేది అన్నీ చెబుతుంది. విషయం ఆమె దగ్గరే ఉంది. రాసిచ్చిన ఇంగ్లీషు దానికి అడ్డం పడింది.

మూడవది పెద్ద మాటల మోజు. తనకే అర్థం కాని మాట ఎదుటివారికి అందదు. తెలిసిన మాటలతో చెప్పిన చిన్న వాక్యం సభ చివరి వరుస దాకా పోతుంది.

మాట తడబడటం సిగ్గుపడవలసిన విషయం కాదు. హజ్రత్ మూసా అలైహిస్సలాం తన నాలుక ముడి విప్పమని అల్లాహ్‌ను వేడుకున్నారు. తనకంటే చక్కగా మాట్లాడగల సోదరుడు హారూన్‌ను తోడుగా కోరుకున్నారు. ప్రతి ప్రవక్తా తన జాతి భాషలోనే సందేశం అందించాడన్న మాట ఇబ్రాహీం సూరాలో ఉంది. వినేవారికి తేటగా అర్థం కావాలన్నదే అందులోని ఉద్దేశం.

చరిత్ర కూడా చూద్దాం. 1918లో హైదరాబాదులో మొదలైన ఉస్మానియా విశ్వవిద్యాలయంలో ఉన్నత విద్య ఉర్దూలో సాగింది; ఇంగ్లీషు మాత్రం అందరూ తప్పక చదవవలసిన పాఠ్యాంశం. 1948 తర్వాత బోధన ఇంగ్లీషుకు మారింది. మౌలానా అబుల్ కలామ్ ఆజాద్ ఉర్దూలో చెప్పిన తన జ్ఞాపకాలను హుమాయూన్ కబీర్ ఇంగ్లీషులో రాశారు. అదే 1959లో వెలువడిన "ఇండియా విన్స్ ఫ్రీడమ్". ఆలోచన ఉర్దూలో సాగినంత మాత్రాన ఆ ఇంగ్లీషు పుస్తకానికి విలువ తగ్గలేదు.

ఇక విద్యార్థులకు నా సలహా. ముందు విషయాన్ని ఇంటి భాషలో అమ్మకో, తమ్ముడికో చెప్పండి. వాళ్ళకు అర్థం కాకపోతే మీకూ ఇంకా అర్థం కాలేదన్నమాట. తర్వాత కాగితం మీద నాలుగైదు ముఖ్యాంశాలు మాత్రం రాసుకోండి, పూర్తి ప్రసంగం వద్దు. ఒక్కో అంశానికి రెండు మూడు పొట్టి ఇంగ్లీషు వాక్యాలు తయారుచేసుకొని పైకి అని చూడండి. ఒకేసారి అన్నట్టే మళ్ళీ అనాలని లేదు. మధ్యలో మాట దొరక్కపోతే ఆ వాక్యం వదిలేసి, తెలిసిన మాటలతో ఇంకొకటి మొదలుపెట్టండి. ఒక ఉర్దూ మాటో, తెలుగు మాటో దొర్లినా కొంప మునగదు.

పెద్దలకు ఒక మనవి. "స్కూల్"ను "ఇస్కూల్" అన్నాడని పిల్లవాణ్ణి చూసి నవ్వకండి. మెల్లగా సరిదిద్దండి. సభలో ఒకసారి నవ్వులపాలైనవాడు మళ్ళీ మైకు దగ్గరకు రావాలంటే జంకుతాడు. ఇది వేదికతో పోయే నష్టం కాదు. మంచి మార్కులు తెచ్చుకున్న అమ్మాయి ఇంటర్వ్యూలో నోరు మెదపలేక ఉద్యోగం పోగొట్టుకుంటే ఆ నష్టం కుటుంబమంతటిదీ.

సొసైటీ కార్యవర్గానికి ఒక ప్రతిపాదన. మన వక్తృత్వ పోటీల్లో విషయం అక్కడికక్కడే ఇవ్వండి. సిద్ధం కావడానికి పదిహేను నిమిషాలు ఇవ్వండి. ఆ సమయంలో పిల్లలు ఏ భాషలోనైనా మాట్లాడుకోవచ్చు. ఆ తర్వాత మూడు నిమిషాలు ఇంగ్లీషులో చెప్పాలి. మార్కులు ముందుగా విషయానికి, తర్వాత స్పష్టతకు, చివరగా ఉచ్చారణకు వేయండి. ఉర్దూ, తెలుగు పోటీలకు కూడా ఇంగ్లీషుతో సమానమైన బహుమతి పెట్టండి. ఏ భాషలోనైనా సరే, సభ ముందు నిలబడి తన మాట తాను చెప్పగలిగిన పిల్లవాడికి ఇంగ్లీషు వేదిక సగం లొంగినట్టే.

మన పిల్లల నాలుక ముడులు అల్లాహ్ విప్పుగాక! ఆమీన్. వస్సలామ్.