పడగ నీడన ఎవరు?



బస్తరు అనగానే అందరికీ అరణ్యం స్ఫురిస్తుంది. చరిత్ర బోధించే మాకు ముందుగా ఇంద్రావతి స్ఫురిస్తుంది. ఆ నది వచ్చి మన గోదావరిలో కలుస్తుంది. ఆ తీరానికి మన భాష కూడా చేరింది. ఛిందక నాగుల ఏలుబడిలో, 1060 నాటి బార్సూరు శాసనం తెలుగులో ఉంది.

భాష కంటే ముందే అక్కడికి శ్రమణ ధర్మం చేరింది. నేటి కొండగావ్ జిల్లాలోని భోంగాపాల్‌లో ఇటుకల చైత్యగృహపు శిథిలాలు, ఆసీన బుద్ధమూర్తి ఉన్నాయి. ఆ దిబ్బ గ్రామస్థులకు డోక్రా బాబా స్థానం. డోక్రా అంటే ముసలివాడు. బుద్ధుని పేరు మరచినా ఆయన పెద్దరికాన్ని వారు మరువలేదు.

బస్తరుకు ఉత్తరాన, దుర్గ్ జిల్లా నాగ్‌పురాలో, శివనాథ్ నదీతీరాన జైనుల పార్శ్వనాథ తీర్థం ఉంది. 23వ తీర్థంకరుడైన పార్శ్వనాథుని శిరస్సుపై సర్పఫణాలు ఉంటాయి. ముచలిందుడనే నాగరాజు పడగ పట్టిన బుద్ధుణ్ణి మనమూ ఎరుగుదుము. మన పరీక్ష ఇక్కడే. పడగ నీడన ధ్యానించే ప్రతిమూర్తీ బుద్ధుడు కాడు. బుద్ధుని భుజంపై చీవరపు అంచు కనిపిస్తుంది. జినుని వక్షంపై తరచుగా శ్రీవత్సం, పీఠంపై లాంఛనం ఉంటాయి. శిల అరిగి ఆ గుర్తులు చెరిగిపోతే తీర్పు చెప్పకుండా ఆగడమే పండితధర్మం.

పునరుద్ధరణోత్సాహంలో జినమూర్తికి కాషాయం చుట్టి బుద్ధుడని ప్రకటిస్తే, మన చైత్యాలను అన్యులు తమవిగా మార్చుకున్నారని వాపోయే హక్కు మనకు మిగలదు. అలాగే డోక్రా బాబాను గ్రామస్థుల నుండి విడదీసి మనం పొందేది ఒక శిల మాత్రమే. ఇన్నాళ్లూ దానిని కాపాడిన భక్తిని పోగొట్టుకుంటాము.

కనుక సంఘసభ్యులకు మా విన్నపం ఒకటే. ఎక్కడ విగ్రహం కనబడినా ముందు ఆ ఊరివారిని అడుగుదాము. ఉన్నచోటనే ఉంచి, ఛాయాచిత్రం తీసి, గుర్తులు నమోదు చేసి, పురావస్తు శాఖకు తెలుపుదాము. పేరుపలక చివరి పని కావాలి. వచ్చి చూడమని పిలిచే ధర్మం మనది. చూడకుండానే పేరు పెట్టడం దానికి తగదు.

నమో బుద్ధాయ.