ట్రాక్టరు బీమా: కాగితంలో ఏమున్నది, మన హక్కు లేమిటి?



ట్రాక్టరు కొన్ననాడు కొబ్బరికాయ కొట్టి, చక్రాల కింద నిమ్మకాయలు పెట్టి ఇంటికి తోలుకువస్తాము. షోరూమువా రిచ్చిన కాగితాల కట్ట తిన్నగా బీరువాలోకి పోతుంది. ఆ కట్టలో బీమా పాలసీ కూడా ఉంటుంది. దాన్ని విప్పి చదివినవారు మీలో ఎందరున్నారు? ఇవాళ ఆ కాగితం సంగతే చెప్పుకుందాము.

బీమా అని ఒక్క మాటగా అంటాము గాని, అందులో రెండు వేరు వేరు సరుకులున్నవి. ఒకటి మన బండివల్ల ఇతరులకు జరిగే నష్టానికి. దీన్నే థర్డ్ పార్టీ బీమా అంటారు. 1988 నాటి మోటారు వాహనాల చట్టం ప్రకారం ఇది లేకుండా బండి రోడ్డెక్కరాదు. ఎక్కితే మొదటిసారి 2,000 రూపాయల జరిమానా గాని, 3 నెలల వరకు జైలు గాని, రెండూ గాని పడవచ్చు. జరిమానా మాట అలా ఉంచండి. దారిన పోయే మనిషి మన బండి తగిలి చనిపోయాడనుకోండి. అతని వయస్సు, సంపాదన, అతనిమీద ఆధారపడినవారు ఎందరు అనేవి చూసి ట్రిబ్యునలు పరిహారం నిర్ణయిస్తుంది. దానికి పైమెట్టు అంటూ లేదు. పాలసీ ఉంటే కంపెనీ కడుతుంది, లేకుంటే మీ పొలం అమ్మి కట్టాలి. ఇతరుల ఆస్తి నష్టానికి మాత్రం మామూలుగా 7.5 లక్షల వరకే పాలసీ పూచీ.

రెండవది మన సొంత బండికి. బోల్తాపడినా, తగలబడినా, వరదలో మునిగినా, దొంగలెత్తుకుపోయినా దీనికిందే డబ్బు వస్తుంది. థర్డ్ పార్టీ ఒక్కటే కట్టినవారికి ఇందులో దమ్మిడీ రాదు. రెండూ కలిసినదాన్ని ప్యాకేజీ పాలసీ అంటారు. అప్పు తీరేదాకా బ్యాంకువారు పట్టుబట్టి ప్యాకేజీ కట్టిస్తారు. అప్పు తీరిన ఏడాదే చాలామంది థర్డ్ పార్టీకి దిగిపోతారు. పదేళ్ళ పాత బండికి అది సబబే కావచ్చు గాని, నాలుగేళ్ళ బండికి మాత్రం ఆ పొదుపు దండుగ.

ప్యాకేజీ ఉన్నదిగదా అని బండి కొన్న ధరంతా వస్తుందనుకోకండి. పాలసీలో ఐ.డి.వి. అని ఒక అంకె ఉంటుంది. బండి పూర్తిగా పోతే లెక్కకు వచ్చేది ఆ అంకే. వాడుకలో ఉన్న పట్టిక ప్రకారం రెండేళ్ళు దాటి మూడేళ్ళలోపు బండికి ధరలో నూటికి 30 తగ్గిస్తారు. 8 లక్షల బండి 5 లక్షల 60 వేలకు దిగుతుందన్నమాట. ప్రీమియం నాలుగు రూకలు తగ్గుతుందని ఆ అంకెను ఇంకా కిందికి దించే ఏజంట్లూ ఉన్నారు. రెన్యువలు చేసేటప్పుడు ముందు దానిమీదే వేలు పెట్టి అడగండి. టైర్లు, దీపాలు, మడ్‌గార్డులు, బానెట్టు చాలా పాలసీలలో అదనపు ప్రీమియం కడితేగాని చేరవు. అదీ అడగండి.

ఇక మనవారు ఎక్కువగా దెబ్బతినేచోటికి వద్దాము. అది వెనక తగిలించే ట్రైలరు. కోస్తాలో ట్రక్కంటారు, తెలంగాణలో ట్రాలీ అంటారు. పేరేదైనా చట్టం దృష్టిలో అది వేరే వాహనం. దాని పేరు, నంబరు పాలసీలో ఎక్కాలి. ఇంజనుకు కట్టాముగదా, ట్రక్కు దాని వెంటదేగదా అంటే కుదరదు. నాట్లకు కూలీలను ఎక్కించుకుపోతాము, పెళ్ళికి చుట్టాలను ఎక్కించుకుపోతాము. ట్రాక్టరుకున్న సీటు డ్రైవరు దొక్కటే. మడ్‌గార్డుమీద కూర్చున్నవారికి, ట్రక్కులో ప్రయాణం చేసేవారికి ఏమైనా అయితే కంపెనీ చేతులు దులుపుకుంటుంది, బాధ్యత యజమాని నెత్తిన పడుతుంది. పాలసీలో "వ్యవసాయ పనులకు మాత్రమే" అని రాసి ఉంటే కిరాయికి ఇసుక తోలినా ఇదే చిక్కు. అమ్మకానికి కొన్న కూరగాయలతో ట్రాక్టరు ట్రైలరులో పోతూ మరణించిన వ్యాపారి కేసులో, అది వ్యవసాయపు పని కాదనీ, కంపెనీకి బాధ్యత లేదనీ 2004లో సుప్రీంకోర్టు తీర్పిచ్చింది. పొలానికి కూలీలను తీసుకుపోక తప్పదంటారా? ఆటోకు డబ్బివ్వడం ఖర్చే. దానితో దీన్ని పోల్చి చూసుకోండి.

లైసెన్సు మాట ఒకటి. ట్రాక్టరు లైసెన్సున్నవాడు ట్రైలరు తగిలించి నడిపినంత మాత్రాన లైసెన్సు చెల్లకపోదని 2001లోనే సుప్రీంకోర్టు చెప్పింది. లైసెన్సే లేని కుర్రాడి చేతికి బండి ఇస్తే మాత్రం, చనిపోయినవారి కుటుంబానికి కంపెనీ డబ్బిచ్చి, తరువాత యజమాని దగ్గర వసూలు చేసుకోవచ్చు. యజమానికి 15 లక్షల వ్యక్తిగత ప్రమాద బీమా ఉన్నది, అదీ ఆయన పేర లైసెన్సుంటేనే పనికివస్తుంది.

సెకండ్‌హ్యాండు బండి కొన్నవారు 14 రోజుల్లో పాలసీ తమ పేర మార్చమని కంపెనీకి దరఖాస్తు పెట్టాలి. పాత యజమాని నో క్లెయిం బోనసు ఆయన వెంటే పోతుంది, బండితో రాదు.

నష్టం జరిగినప్పుడు ఏమి చేయాలి? వెంటనే కంపెనీకి ఫోను చేయండి, దొంగతనమైతే ముందు పోలీసు స్టేషనులో ఎఫ్.ఐ.ఆర్. రాయించండి. పంజాబు రైతు ఒకరి ట్రాక్టరు 2010లో పోయింది. ఆయన ఆరోజే పోలీసులకు చెప్పాడు, కంపెనీకి మాత్రం 52 రోజుల తరువాత తెలిపాడు. ఆలస్యమైందని కంపెనీ కాదన్నది. ఎఫ్.ఐ.ఆర్. వెంటనే ఇచ్చినప్పుడు, కంపెనీకి చెప్పడంలో ఆలస్యం ఒక్కటే చూపి నిజమైన క్లెయిం తోసివేయరాదని 2020లో సుప్రీంకోర్టు తేల్చింది. ఆయనకు పదేళ్ళు పట్టింది. మీరు ఆ మొదటి ఫోను మానకండి. సర్వేయరు వచ్చేదాకా బండి విప్పించకండి, ఫోటోలు తీసి ఉంచుకోండి.

బీమా నియంత్రణ సంస్థ 2024లో పెట్టిన నియమాల ప్రకారం సర్వేయరును 24 గంటల్లో నియమించాలి, నివేదిక 15 రోజుల్లో రావాలి, నివేదిక అందిన 7 రోజుల్లో అవునో కాదో తేల్చాలి. నోటిమాటగా "రాదులెండి" అంటే వినకండి, కారణం రాతమూలకంగా ఇమ్మని అడగండి.

అప్పటికీ న్యాయం జరగకపోతే కంపెనీ ఫిర్యాదుల అధికారికి అర్జీ పెట్టండి. నెలలోపు జవాబు రాకున్నా, వచ్చిన జవాబు నచ్చకున్నా హైదరాబాదులోని బీమా అంబుడ్స్‌మన్‌కు ఏడాదిలోపు రాయవచ్చు. ఆంధ్రప్రదేశ్, తెలంగాణ రెండింటికీ ఆ కార్యాలయమే. అక్కడ ఫీజు లేదు, వకీలు అక్కరలేదు. 50 లక్షల వరకు తీర్పు చెప్పే అధికారం ఆయనకున్నది. అది వద్దనుకుంటే మీ జిల్లా వినియోగదారుల కమిషను ఉన్నది, గడువు 2 ఏళ్ళు. అక్కడ లెక్క మీరు కట్టిన ప్రీమియాన్నిబట్టి గనుక, 5 లక్షలలోపు ప్రీమియం కట్టినవారికి రుసుము ఉండదు. ఒకే తగాదాను రెండుచోట్లా పెట్టకూడదు. వినియోగదారుల కమిషనులో కేసు నడుస్తుంటే అంబుడ్స్‌మన్ తీసుకోరు. అర్జీతోపాటు పాలసీ, ఎఫ్.ఐ.ఆర్., కంపెనీ ఇచ్చిన తిరస్కార పత్రం నకళ్ళు జతచేయండి, అసళ్ళు మీ దగ్గరే ఉంచుకోండి.