పాడ్‌కాస్ట్ విని కథ రాద్దాం



కథ రాయడం నేర్చుకోవాలంటే పట్నమే పోవాలా? ‘రైటింగ్ ఎక్స్‌క్యూజెస్’ అని ఇంగ్లిష్ పాడ్‌కాస్ట్ ఉంది, 2008 నుంచి వస్తోంది. ఒక్కోటి పావుగంట, కొన్ని కాస్త ఎక్కువ. సిగ్నల్ దొరికే గుట్ట మీద డౌన్‌లోడ్ చేసుకుంటే, పోడు దాకా నడిచేలోపు రెండు వినొచ్చు. తెలుగులో ‘హర్షణీయం’ ఉంది, రచయితలే మాట్లాడతారు.

అవి వింటుంటే నాకు బాగా పట్టిన సంగతి ఒకటి: పాత్రకి ఏదో కావాలి, దానికేదో అడ్డం రావాలి. మరి మనం ఏం రాస్తున్నాం? ‘ఆదివాసులు నష్టపోతున్నారు’ అని. ఎవరు? వినతిపత్రానికి అది చాలు. కథకు ఒక ముసలవ్వ కావాలి. తన ఇప్పచెట్టు కిందే పూలు ఏరుకోవాలని ఆమెకుండాలి. మధ్యలో ఫారెస్టోళ్ల కందకం ఉండాలి.

పాడ్‌కాస్ట్ విన్న చెవితోనే మన అవ్వల్నీ వినండి. ఎక్కడ ఆపుతారో, ఎక్కడ గొంతు తగ్గిస్తారో. వచ్చే మీటింగుకి తలా ఒక కథ ఫోన్లో రికార్డు చేసుకొని రండి, అవ్వని అడిగే చేయండి.