రెండు కదలికలు, వేయి వలలు
(శతాబ్ది ఉత్సవముల సందర్భమున స్త్రీల సమాజము వారి ప్రసంగ పాఠము)



లేసును గురించి నాలుగు మాటలు చెప్పమని కమిటీవారు మమ్మును కోరినప్పుడు, నరసాపురము లేసును గురించే చెబుతామని చాలామంది అనుకొని ఉంటారు. మన గోదావరి డెల్టాలో లేసు అంటే లేసుసూది, దారపు ఉండ, ఒడిలో పెట్టుకొని అల్లే క్రోషా అల్లిక. 19వ శతాబ్దములో మిషనెరీ దొరసానుల దగ్గర మన ఆడవారు నేర్చుకొని, తరువాత వారికే నేర్పగలిగినంతగా ఎదిగిన పని అది. దానిని గురించి మాకంటే బాగా చెప్పగలవారు ఈ సభలోనే ముందు వరుసలో కూర్చుని ఉన్నారు. మేము చెప్పదలచినది దాని అక్కను గురించి. దిండు మీద, కండెలతో చేసే లేసు ఒకటి ఉన్నది. ఇంగ్లీషువారు దానిని బాబిన్ లేసు అనీ, దిండు లేసు అనీ అంటారు. క్రోషా పుట్టడానికి చాలాకాలము ముందే, 16వ శతాబ్దములోనే ఇటలీలోను, ఫ్లాండర్స్‌లోను అది పెరిగింది. మాలో కొందరు నాగర్‌కోయిల్ వైపు వెళ్లినప్పుడు దానిని చూచి, నేర్చుకొని వచ్చారు. అప్పటినుండి శనివారము మధ్యాహ్నములు దేవాలయపు వసారాలో ఆ కండెల చప్పుడు మీరందరూ వింటూనే ఉన్నారు. అదేమిటని అడిగినవారు మాత్రము తక్కువ. అందుకే ఈ ప్రసంగము.

ముందు సామాను సంగతి. గడ్డి గట్టిగా కూరిన దిండు ఒకటి కావాలి. మెత్తని దిండు పనికిరాదు, సూది నిలవదు. దాని మీద ఒక అట్ట, ఆ అట్ట మీద నమూనా ప్రకారము పొడిచిన రంధ్రములు. మన ముగ్గుకు చుక్కలు ఎటువంటివో లేసుకు ఆ రంధ్రములు అటువంటివి. చుక్కలు సరిగా పడితే ముగ్గు సగము వచ్చినట్లే. రంధ్రములలో ఇత్తడి గుండుసూదులు గుచ్చుతాము. ఇత్తడివే ఎందుకంటే ఇనుప సూది తుప్పు పట్టి తెల్లని దారమును పాడు చేస్తుంది. దారము చుట్టిన కండెలు జతలు జతలుగా వేలాడుతుంటాయి. వాటి బరువే దారమును బిగుతుగా ఉంచుతుంది. చిన్న అంచుకు పది పన్నెండు జతలు చాలు. పెద్ద పనులకు వందల కండెలు పట్టడము కలదు. చూచేవారికి భయము వేస్తుంది గాని, ఎన్ని కండెలు ఉన్నా ఒకసారికి చేతిలో ఉండేవి నాలుగే.

ఆ నాలుగింటితో చేసేవి రెండే కదలికలు. ఎడమ ప్రక్కనుండి ఒకటి, రెండు, మూడు, నాలుగు అని లెక్కించండి. రెండవదానిని మూడవదాని మీదుగా వేస్తే అది దాటు. రెండవదానిని ఒకటవదాని మీదుగాను, నాలుగవదానిని మూడవదాని మీదుగాను వేస్తే అది మెలి. అంతే. ప్రపంచములోని దిండు లేసు అంతా, రాణుల పెండ్లి దుస్తులతో సహా, ఈ దాటు, మెలి అనే రెండింటిలోనే ఇమిడి ఉన్నది. ఈ మాట మొదటిసారి విన్నప్పుడు మాలో ఎవరమూ నమ్మలేదు.

దాటు, మెలి, దాటు. ఇది గుడ్డ కుట్టు. నేతగాళ్ల ఇండ్లలో పుట్టినవారికి దీనిని ఎవరూ నేర్పనక్కరలేదు. ఒక జత పేకవలె అడ్డముగా నడుస్తుంది, మిగిలినవి పడుగువలె నిలబడతాయి, అచ్చముగా బట్టే తయారవుతుంది. మా సమాజములో పెద్దవారికి ఈ కుట్టు అంటేనే ఇష్టము. తప్పు పోతే వెంటనే కనబడుతుంది, వెనుకకు విప్పడము తేలిక. దాటు, మెలి అని అక్కడితో ఆపితే అది అర కుట్టు. ఇది వయసులో ఉన్నవారికి ఇష్టము. అందులో ఒకే ఒక దారము అడ్డముగా పరుగెత్తుతుంది, మిగిలినవి ఏటవాలుగా తప్పుకొంటూ పోతాయి. వెలుగు అందులోనుండి వచ్చినంత అందముగా మరి దేనిలోనుండీ రాదు. కాని ఒక్క కండె తారుమారైనదా, ఎక్కడ తారుమారైనదో కనుక్కొనడానికి సాయంత్రము అవుతుంది. ఈ రెండింటి తగవు మా వసారాలో ఇంకా తీరలేదు. తీరదు కూడా.

ఇక వలల సంగతికి వస్తాము. చీరకు అంచు, పైట చెంగు ఉన్నట్లే ఒడలు ఉంటుంది గదా. లేసులో పువ్వులకు, ఆకులకు మధ్య ఉండే ఆ ఒడలినే గ్రౌండు అంటారు. మేము వల అంటున్నాము. పువ్వును అందరూ చూస్తారు, వలను ఎవరూ చూడరు. నిజానికి లేసు పనిలో ఎక్కువ గంటలు మ్రింగేది వలే.

అన్నిటిలోకి తేలికైనది టోర్షన్ వల. రెండు జతలు కలిసినచోట ఒక అర కుట్టు, సూది, మళ్లీ ఒక అర కుట్టు. జతలు విడిపోయి ఒకటి కుడికి, ఒకటి ఎడమకు పోతాయి. చదరములు చదరములుగా, ఏటవాలుగా దిగుతుంది. టోర్షన్ అంటే ఫ్రెంచి భాషలో పాత్రలు తుడిచే గుడ్డ అని అర్థము. ముతక లేసు అని గొప్పవారు పెట్టిన పేరు. మాకు ఆ పేరు మీద కోపము లేదు. పాత్రలు తుడిచే గుడ్డలేని ఇల్లు ఏది? క్రొత్తగా వచ్చినవారిని మేము దీనితోనే మొదలుపెడతాము.

మాలో ఎక్కువమందికి ప్రియమైనది గులాబి వల. ఇది కూడ టోర్షన్ కుటుంబములోనిదే. నాలుగు సూదుల చుట్టూ నాలుగు జతలు తిరుగుతాయి. సూదుల దగ్గరకు వచ్చేముందు ఎడమ రెండు జతలు ఒకసారి, కుడి రెండు జతలు ఒకసారి సూది లేకుండా కలుసుకొంటాయి. అక్కడనుండి పై సూది, ఎడమ సూది, కుడి సూది, క్రింది సూది. చివర మళ్లీ సూది లేకుండా రెండు కలయికలు. మూలలలో అర కుట్టు వేస్తే ఒక గులాబి, గుడ్డ కుట్టుకు ఒక మెలి చేర్చి వేస్తే ఇంకొక గులాబి. అదే అట్ట, అవే రంధ్రములు, కాని పువ్వు వేరు. అట్ట మార్చకుండా ఇన్ని రకములు ఇచ్చే వల ఇంకొకటి మాకు తెలియదు.

సాలీడు అనే నమూనాను గురించి ఒక మాట. నడుమ గుండ్రని కడుపు, చుట్టూ మెలికలు పెట్టిన కాళ్లు. పిల్లలకు చాల ఇష్టము. ఒకటి రెండు చోట్ల ముద్దుగా ఉంటుంది గాని, అంచు పొడుగునా సాలీళ్లను నింపితే బూజు దులపని ఇల్లువలె ఉంటుందని మా అభిప్రాయము.

ఇంగ్లండులో బకింగ్‌హామ్, బెడ్‌ఫర్డ్ ప్రాంతములవారి వల వేరు. దానిని పాయింట్ వల అంటారు. ఒక దాటు, మూడు మెలులు, జతల మధ్య సూది. సూది గుచ్చిన తరువాత టోర్షన్‌లో వలె దాని క్రింద మరల కుట్టు వేసి మూయరు. అలాగే వదలి ముందుకు పోతారు. సన్నని దారముతో చేస్తే కన్ను ఆనని ఆరు పలకల గళ్లు వస్తాయి. వాలెన్సియెన్స్ వలలో గళ్ల ప్రక్కలు నాలుగు పాయల జడలు. మెక్లిన్‌లో రెండు ప్రక్కలే జడలు, తక్కినవి మెలులు. మన ఆడపిల్లలకు మూడు పాయల జడ పుట్టుకతో వచ్చినట్లే గనుక, నాలుగవ పాయ చేర్చడము వారికి ఒక పూట పని. జడనే కొంచెము వెడల్పు చేసి, ఒక దారమును మిగిలిన మూడింటి మధ్య అటు ఇటు నడిపితే ఆకు తయారవుతుంది. నడిచే దారమును ఒక్క క్షణము వదలినా ఆకు కాస్తా ముడుచుకొని పోతుంది. పది ఆకులు ఒకే తీరుగా వేయగలిగినవారిని మేము పనివారని ఒప్పుకొంటాము.

ఇంతగా వేళ్లు అరిగే ఈ పాయింట్ వలను చూచే జాన్ హీత్‌కోట్ అనే అతడు 1808, 1809 సంవత్సరములలో యంత్రమునకు పేటెంటులు పొందాడు. చేతిపని కూలిపోతున్నదని, కూలి తగ్గుతున్నదని కోపించిన జనము 1816లో లౌబరో పట్టణములో అతని యంత్రములను పగులగొట్టారు. అతడు డెవన్‌లోని టివర్టన్‌కు తరలిపోయాడు. అక్కడికి దగ్గరలోనే హానిటన్ లేసు చేసే ఆడవారు ఉండేవారు. వారు పువ్వులను విడివిడిగా దిండు మీద చేసి, తరువాత యంత్రపు వల మీద కుట్టడము మొదలుపెట్టారు. ఎక్కువ గంటలు పట్టే వల యంత్రము పాలైనది, పువ్వు మాత్రము చేతిలో మిగిలింది. 1840లో విక్టోరియా రాణి వివాహమునకు హానిటన్ లేసును కోరుకొన్నది. దానిని బీర్ అనే చిన్న ఊరిలో చేశారు. ఆ పని లేనివారికి పని కల్పించడానికని కూడ చెబుతారు.

మన దక్షిణ దేశమునకు దిండు లేసు వచ్చిన కథ దీనికంటే పెద్దది. లండన్ మిషనరీ సొసైటీకి చెందిన మాల్ట్ దంపతులు 1819లో నాగర్‌కోయిల్ చేరారు. మార్తా మాల్ట్ దొరసానిగారు బాలికల పాఠశాలలో చదువుతోపాటు లేసు నేర్పారు. అప్పటికి తిరువాన్కూరు సంస్థానములో మనుష్యులను కొనడము, అమ్మడము ఉన్నది. ఆ పాఠశాలలోని బాలికలలో బానిస కుటుంబములవారు ఉన్నారు. లేసు అమ్మగా వచ్చిన డబ్బుతో వారిలో కొందరు తమ విడుదలను తామే కొనుక్కొన్నారు. సంస్థానములో బానిసత్వమును రద్దు చేసిన ప్రకటన 1855లో గాని రాలేదు. అంటే చట్టముకంటే ముందే దాటు, మెలి అనే ఆ రెండు కదలికలు కొన్ని సంకెళ్లను విప్పినవి. మాల్ట్ దంపతుల కుమార్తె ఎలైజా 1844లో రాబర్ట్ కాల్డ్‌వెల్ గారిని వివాహమాడి, తిరునెల్వేలి ప్రాంతములోని ఇడైయన్‌గుడికి ఈ పనిని తీసుకొని పోయారు. ద్రావిడ భాషల వ్యాకరణము వ్రాసిన కాల్డ్‌వెల్ గారిని మన పండితులు ఎరుగుదురు. ఆయన ఇంటిలో ఆడపిల్లలు కండెలు త్రిప్పిన సంగతి ఎరిగినవారు తక్కువ.

ఒక అడుగు వెనుకకు వేసి మన ఇంటి సంగతి కూడ చూచుకోవాలి. నరసాపురము లేసును గురించి మరియా మీస్ అనే జర్మను పరిశోధకురాలు 1982లో ఒక గ్రంథము ప్రచురించారు. దేశదేశములకు ఎగుమతి అయ్యే సరుకును చేస్తున్న స్త్రీలను పనివారుగా గాక ఇంటిలో ఊరకే కూర్చొన్న గృహిణులుగా లెక్కించారనీ, తీరిక వేళ కాలక్షేపమని పేరు పెట్టి అతి తక్కువ కూలి ఇచ్చారనీ ఆమె చూపించారు. మాలో ఎంతోమంది తల్లుల, అమ్మమ్మల కథ అది. నాగర్‌కోయిల్‌లో విడుదలను కొన్న లేసు, మన డెల్టాలో ఉప్పు చింతపండుకు కూడ చాలని రోజులు ఉన్నవి. కుట్టు ఒకటే మేలు చేయదు. దాని వెల ఎవరు కడుతున్నారన్నది కూడ చూడాలి. నరసాపురము క్రోషా లేసుకు 2024లో భౌగోళిక గుర్తింపు లభించినది. సంతోషమే. ఆ గుర్తింపు అల్లినవారి చేతికి ఎంత తెచ్చినదో లెక్క చూడవలసిన పని మన సమాజములదే.

ఈ మధ్య ఒక వ్యాపారి మా పనిని చూచి, మూరకు ఎంత అని అడిగాడు. మూర లెక్కన చెప్పమని మేము అన్నాము. అతనికి నచ్చలేదు. కాని న్యాయము చూడండి. టోర్షన్ వల మూర అల్లడానికి పట్టే కాలము వేరు, అదే వెడల్పు పాయింట్ వలకు పట్టే కాలము వేరు. పలచగా, గాలివలె ఉన్నదానికే ఎక్కువ గంటలు. మూరకొక ధర పెడితే సన్నని పని చేసేవారు నష్టపోతారు, చివరకు ఆ పని మానుకొంటారు. అందుచేత మేము ప్రతి ముక్కకూ ఒక నోటు పుస్తకము పెట్టుకొన్నాము. దిండు ముందు కూర్చొన్న గంటలు అందులో వ్రాస్తాము. స్లోవేనియాలోని ఇద్రియా పట్టణములో లేసు పాఠశాల 1876 నుండి నడుస్తున్నది. ఆ దేశపు దిండు లేసును 2018లో యునెస్కోవారు తమ జాబితాలో చేర్చారు. నూరేండ్లకు పైబడి పిల్లలకు నేర్పుతూ ఉంటేనే అది సాధ్యమైనది. మన పిల్లలకు నేర్పాలంటే గంటకు గౌరవమైన కూలి ఉన్నదని ముందు చూపించాలి.

చివరగా బల్లగుడ్డ విషయము. శతాబ్ది ఆరాధనకు ప్రభు భోజనపు బల్ల మీద వేయడానికి యంత్రపు లేసు కొంటే చవకలో పోతుందని ఒక సూచన వచ్చినది. సూచన చేసినవారి మీద మాకు గౌరవమే. అయినా అంచును మేము చేస్తామని అడిగి తీసుకొన్నాము. గంటల పుస్తకము కమిటీవారికి చూపిస్తామనీ, చేసినవారిలో కూలి అవసరమైన సహోదరీలకు సంఘ నిధినుండి ఆ గంటలకు చెల్లించాలనీ కోరాము, అందుకు వారు సమ్మతించారు. నమూనా కోసము చాలసేపు తర్జనభర్జన జరిగినది. గులాబి వల ఒడలు, కొసన గుడ్డ కుట్టు విసనకర్రలు, మూలలకు ఒక్కొక్క ఆకు అని తీర్మానించాము. సాలీళ్లు లేవు. అర కుట్టువారికి తృప్తి కోసము విసనకర్రలలో ఒకటి విడిచి ఒకటి అర కుట్టుతో చేస్తున్నాము. పదిహేను మూరలకు తొమ్మిది మూరలు పూర్తి అయినవి.

సభ ముగిసిన తరువాత దిండ్లు వసారాలో ఉంటాయి. ఎవరైనా వచ్చి కూర్చొనవచ్చు. కండెలను చేతిలోకి తీసుకొని చూడవచ్చు. గుండుసూదులను మాత్రము పీకవద్దని పిల్లలకు దయచేసి చెప్పండి.